డిచ్‌పల్లి దవాఖాన

డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠు దవాఖాన 1915లో మొదలైంది. నిజాంసాగర్ పనులు మొదలైంది 1923లో, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది 1937లో. నిజామాబాద్ జిల్లా ఆధునిక చరిత్రను ఆ రెంటితో మొదలుపెట్టడం అందరికీ అలవాటు. ఆనకట్ట పంట మార్చింది, ఫ్యాక్టరీ కూలి మార్చింది కాబట్టి ఆ అలవాటులో తప్పు పట్టడానికి లేదు. కానీ ఈ రెంటికన్నా ముందు పుట్టి, కుష్ఠు వైద్యంలో పనిచేసే దేశదేశాల డాక్టర్లకు పేరుతో సహా తెలిసిన చోటు ఒకటి జిల్లాలో ఉండేది. నిజామాబాద్ పట్టణానికి ఆగ్నేయంగా, హైదరాబాద్ రైలు దారి మీద ఉన్న డిచ్‌పల్లి అది. ఈనాడు ఆ ఊరిని గుట్ట మీది ఖిల్లా రామాలయంతోనో, 2006లో ఏర్పడ్డ తెలంగాణ విశ్వవిద్యాలయంతోనో గుర్తుపడతారు. నూరేళ్ల కింద ఊరి పేరుకు పక్కన ‘పెద్దరోగం’ అన్న మాట తప్పకుండా వచ్చేది.

దవాఖాన కట్టింది క్రైస్తవ మిషనరీలు. అయితే నిజాం రాజ్యానికి వాళ్లు మొదట వచ్చింది దవాఖానలు కట్టడానికి కాదు. బ్రిటన్‌లోని వెస్లియన్ మెథడిస్టు సంఘం 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో అడుగుపెట్టింది. విలియం బర్జెస్ దానికి పునాది వేశాడు. 1890ల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ చేరాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఆయన కట్టించిందే. గోదావరి లోయ రైలు మార్గం 1900 ప్రాంతానికి హైదరాబాద్‌ను మన్మాడ్‌తో కలిపింది. అప్పటిదాకా ఎడ్లబండి మీద రోజుల తరబడి సాగే ఇందూరు ప్రయాణం ఒక పగటి పనైంది. 1905లో ఇందూరు జిల్లా పేరు నిజామాబాద్‌గా మారింది. మిషనరీలు ఈ దిక్కుకు వచ్చేనాటికి రైలు, కొత్త పేరు రెండూ ఉన్నాయి.

ఆ కాలపు మిషనరీ పని అంటే ప్రధానంగా తిరుగుడు. వానలు వెనకపట్టి చెరువుకట్టల మీద దారులు ఆరాక, చలికాలంలో క్యాంపులు మొదలయ్యేవి. రెండు మూడు బండ్ల మీద గుడారం, వంటసామాను, పుస్తకాలు, మందుల పెట్టె వేసుకుని దొర, దొరసాని, ఇద్దరు ముగ్గురు తెలుగు ఉపదేశకులు, బైబిల్ స్త్రీలు బయలుదేరేవాళ్లు. ఊరి బయట మామిడితోపులో డేరా వేసేవాళ్లు. అట్లాంటి రోజుకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మాలవాడకో మాదిగవాడకో నడిచి వెళ్లడం. పెద్దవాళ్లు పొలం పనికి పోయి ఉంటారు కనుక ముందు పోగయ్యేది పిల్లలే. వాళ్లకు రంగుల బొమ్మల చుట్ట విప్పి కథ చెప్పడం, పాట నేర్పడం. మధ్యాహ్నం డేరా ముందు మందుల పెట్టె తెరవడం: చలిజ్వరానికి క్వినైను, కడుపులో ఏటికపాములకు సాంటోనిన్, కళ్లకలకకు చుక్కలు. చీకటి పడ్డాక గోడ మీదనో తెర మీదనో మ్యాజిక్ లాంతరు బొమ్మలు. మర్నాడో మూడోనాడో డేరా విప్పి పక్క ఊరు.

ఈ పర్యటనల ఖర్చులో కొంత బ్రిటన్ పిల్లల చేతుల మీదుగా వచ్చేది. వెస్లియన్ సంఘాల్లో బాలల మిషనరీ సమితి ఒకటి 19వ శతాబ్దం నుంచీ ఉంది. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పెన్నీలు పోగుచేసేవాళ్లు. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో ఆదివారపు బడి పిల్లలు వేసిన రాగి నాణేలు తెలంగాణలో పిల్లలకు బొమ్మల చుట్టగా, పలకగా, మందుచుక్కగా చేరడం ఆ వ్యవస్థలోని చిత్రం. ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ ముఖపరిచయం లేదు. ఇచ్చేవాళ్ల మనసులో ఉన్న ‘దిక్కులేని హిందూ బాలుడి’ బొమ్మకూ మాదిగవాడలో గొడ్లు కాసే పిల్లవాడికీ పోలిక ఎంత ఉండేదో చెప్పడం కష్టం.

తిరుగుడు పనికి కొన్ని ఫలితాలు ఉన్నాయి. 1890ల చివర్లో దక్కన్‌ను పీడించిన కరువుల తరవాత నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల్లో మాల, మాదిగ కుటుంబాలు వాడలకు వాడలుగా క్రైస్తవంలో చేరాయి. వాడవాడకూ చెట్టు కింది బడి, బడి చెప్పే ఉపదేశకుడు వచ్చారు. మందుల పెట్టె వల్ల జ్వరాలు తగ్గాయి, పుళ్లు మానాయి. కానీ డేరా ముందు వరసలో చివర, అందరికీ ఎడంగా కూర్చున్న ఒక రకం రోగికి ఆ పెట్టెలో ఏమీ ఉండేది కాదు.

కుష్ఠు నెమ్మదైన రోగం. 1873లో నార్వేలోని బెర్గెన్‌లో ఆర్మౌర్ హాన్సెన్ దాని సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ఒంట్లో చేరిన ఆ జీవి బయటపడటానికి ఏళ్లు పడుతుంది. మొదట వచ్చేది స్పర్శ లేని పాలిపోయిన మచ్చ. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. నరాలు చచ్చుబడ్డాక చేతికి వేడి తెలియదు, కాలికి ముల్లు తెలియదు. కాలిన గాయాలు, మానని పుళ్లు వేళ్లను తినేస్తాయి. రోగం వేళ్లను రాలుస్తుందని లోకం నమ్మింది గాని నిజానికి నొప్పి లేకపోవడమే వాటిని పాడుచేసేది. ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు ఎక్కువగా సోకుతుంది కాబట్టి రోగి ఇంటి పిల్లలకు ప్రమాదం ఎక్కువ. తెలుగునాట దీన్ని పెద్దరోగం, మహారోగం అన్నారు. పూర్వజన్మ పాపమనీ అన్నారు. బయటపడ్డవాడిని ఊరి బయట గుడిసెకు పంపారు. బ్రిటిష్ ఇండియాలో 1898 చట్టం బిచ్చమెత్తే కుష్ఠు రోగులను పట్టి ఆశ్రమాల్లో ఉంచే అధికారం ఇచ్చింది. తెలుగు దేశంలో మిగతా మిషన్లూ ఈ రోగులకు చోటు చూపించే పనిలో పడ్డాయి; గోదావరి జిల్లా రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టుల ఆశ్రమం ఉండేది. ఆశ్రమమంటే నీడ, అన్నం, చావుకు తోడు. అంతవరకే; వైద్యమంటూ చెప్పుకోదగ్గది లేదు.

ఇసబెల్ కెర్ 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. 1875లో స్కాట్లండ్‌లో పుట్టింది. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది 1892లో. అబర్దీన్‌లో 1903లో వైద్య పట్టా పుచ్చుకున్న ఆమె, ఆ తలుపు తెరుచుకున్న తొలి తరానికి చెందింది. అదే ఏడు పాస్టరైన జార్జ్ మెక్‌గ్లాషన్ కెర్‌ను పెళ్లాడింది. ఇద్దరూ వెస్లియన్ మిషన్ తరఫున వచ్చారు. ఆడ డాక్టర్‌ను పంపడంలో మిషన్ల లెక్క వేరు: పరదా చాటు ఇళ్లలోకి, పురిటి గదుల్లోకి మగ డాక్టర్ వెళ్లలేడు. కానీ నిజామాబాద్‌లో ఆమె కంట పడిందీ, ఆమె జీవితాన్ని పట్టుకున్నదీ పరదాల వెనకది కాదు, రోడ్డు మీదది.

1911లో ఆమె నిజామాబాద్‌లో కుష్ఠు రోగుల కోసం ఒక చిన్న కేంద్రం తెరిచింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది కూడా ఆ ఏడే. చూస్తుండగానే చోటు చాలకుండా పోయింది. పట్టణం నడుమ ఇట్లాంటి రోగులను చేర్చుకుంటూ పోవడమూ కుదిరే పని కాదు. వేరే చోట పెద్దగా కట్టాలంటే డబ్బు కావాలి. దాత నిజామాబాద్‌లోనే దొరికాడు: రాజా నర్సాగౌడ్. ఆయన క్రైస్తవుడు కాదు, హిందువు. ఆయన ఇచ్చిన భారీ విరాళంతో డిచ్‌పల్లిలో ఆవాసం లేచింది. రోగులకు పెద్ద హాళ్లు కాకుండా విడివిడి ఇళ్లు కట్టారు. ఐర్లండ్‌వాసి వెల్లెస్లీ బెయిలీ 1874లో స్థాపించిన ‘మిషన్ టు లెపర్స్’ సంస్థ కూడా దన్నుగా నిలిచింది.

నర్సాగౌడ్ విరాళాన్ని మిషనరీ చరిత్రలు కృతజ్ఞతతో తలచుకుని ముందుకు సాగిపోతాయి. దానికి అంతకన్నా పెద్ద పీట వేయాలి. పరాయి దేశపు పాదిరీలకు ఊరి పెద్దమనిషి ఇంత సొమ్ము ఇవ్వడమంటే దవాఖానను ఊరు తన అవసరంగా ఒప్పుకుందన్నమాట. చెరువు తవ్వించడం, సత్రం కట్టించడం, బాటసారికి నీళ్ల చలివేంద్రం పెట్టించడం తెలిసిన సమాజంలో అది కొత్త బుద్ధి కాదు. పాత ధర్మానికి కొత్త చోటు దొరికింది, అంతే. లండన్ కమిటీ నుంచి వచ్చే చెక్కు మీదనే బతికిన మిషన్ స్థావరాలు చాలా మూతపడ్డాయి. డిచ్‌పల్లి నిలబడటానికి ఉన్న కారణాల్లో మొదటి రోజు ఇటుకలోనే స్థానిక సొమ్ము ఉండటం ఒకటి.

రెండో కారణం మందు. కుష్ఠుకు భారతదేశంలో తరతరాలుగా వాడుతున్న నూనె ఒకటుంది. సుశ్రుతుడి సంహితలో తువరకంగా కనిపించేది, పడమటి కనుమల్లో పెరిగే చెట్టు గింజల నుంచి తీసేది. తెలుగులో ఆ గింజలను నిరడి విత్తులంటారు. శాస్త్రం పేరు హిడ్నోకార్పస్. బర్మా వైపు దాని చుట్టం చాల్‌మూగ్రా. నోటితో తాగితే ఈ నూనె కడుపులో నిలవదు. వాంతి చేసుకోని రోగి అరుదు. రోగం తగ్గేంత మోతాదు లోపలికి పోయేదే కాదు. ఆ నూనె లవణాలనూ ఎస్టర్లనూ సూదితో ఎక్కించే పద్ధతులను 1915 తరవాత కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, హవాయిలో ఆలిస్ బాల్, ఆమె వెనక వచ్చినవాళ్లు సాధించారు. బెంగాల్‌లో మిషన్ డాక్టరుగా ఉండి కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలకు మారిన ఎర్నెస్ట్ మ్యూర్ దాన్ని దేశమంతటికీ పనికొచ్చే పద్ధతిగా మలిచాడు. ఇసబెల్ కెర్ 1921 నుంచి డిచ్‌పల్లిలో ఈ సూదులు మొదలుపెట్టింది. ఆశ్రమం ఆనాటి నుంచి దవాఖాన అయింది. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

సూది అనగానే ఇప్పటి పాఠకుడికి ఒక చుక్క రక్తం, క్షణం నొప్పి గుర్తొస్తాయి. ఆ సూది అది కాదు. నూనె చిక్కన, లావాటి సూది కావాలి. కండలో ఇస్తే గడ్డ కడుతుంది. మచ్చ మీద చర్మం పొరలోకే కొద్దికొద్దిగా పదుల చోట్ల పొడిచే పద్ధతి కూడా ఉండేది. వారానికి ఒకసారో రెండుసార్లో, నెలలు కాదు, ఏళ్లు. మోతాదు మించితే జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. అప్పుడు కొన్నాళ్లు ఆపి, మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టాలి. మ్యూర్ పద్ధతిలో సూది ఒక్కటే వైద్యం కాదు. ముందు రోగి ఒంట్లో ఉన్న మలేరియా, కొంకిపురుగులు, సవాయి వంటివాటిని వదిలించాలి. కడుపునిండా మంచి తిండి పెట్టాలి. చెమట పట్టేదాకా పని చేయించాలి. అందుకే ఇట్లాంటి ఆవాసాల్లో రోజు పొలంలో మొదలై పొలంలో ముగిసేది. దున్నడం, తోటకు నీళ్లు కట్టడం, నేత, వడ్రంగం, వంట అన్నీ రోగుల పనే. బిచ్చమెత్తిన మనిషికి నాగలి ఇవ్వడంలో వైద్యం ఎంతో మర్యాద అంత. ఇక్కడ మిషనరీల మతబోధ లేదని కాదు. ప్రార్థన గంట, ఆదివారం ఆరాధన దినచర్యలో భాగం. సువార్త చెప్పడానికే వచ్చామని వాళ్లు దాచుకోలేదు. వైద్యాన్ని మతమార్పిడికి మెట్టుగా వాడటాన్ని గాంధీ 1931లో గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శ దేశంలోని ఏ మిషన్ దవాఖానకైనా తగులుతుంది, దీనికీ తగులుతుంది. మరోవైపు, నర్సాగౌడ్ వంటి హిందువు కట్టించిన గోడల మధ్య, ముస్లిం రాజు పాలనలో, అన్ని మతాల రోగులూ వరసకట్టిన చోట వైద్యానికీ మతమార్పిడికీ మధ్య గీత అంత తేలిగ్గా గీయడానికి కుదరదు.

సూది ఏళ్ల తరబడి కావాలి. అక్కడే పాత పద్ధతి ఓడిపోయింది. మూడు రోజుల డేరా ఏళ్ల వైద్యం చేయలేదు. రోగి దవాఖానకు రావాలి, ఉండాలి, డాక్టరూ ఉండాలి. చలికాలం ఊళ్లు తిరిగి ఎండలు ముదరగానే బంగ్లాకు చేరే జీవితం నుంచి, ఒకే చోట పాతికేళ్లు పాతుకునే జీవితానికి మిషన్‌ను మార్చింది వేదాంతం కాదు, నిరడి నూనె.

పిల్లల సంగతి ఇంకా చిక్కు. నూనె సూది ముదిరిన రోగం మీద పెద్దగా పనిచేసేది కాదు. ఒకటి రెండు మచ్చలున్న తొలి దశలో ఫలితం బాగుండేది. తొలి దశ ఎక్కువగా కనిపించేది పిల్లల్లో. కాబట్టి డాక్టర్ల ఆశ పిల్లల మీద. కానీ ఆ మచ్చ ఉన్న పిల్లవాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు. ఏ నొప్పీ లేని బిడ్డను ఏళ్లకొద్దీ సూదుల కోసం, అదీ పెద్దరోగపు దవాఖానలో వదిలిపెట్టమని తల్లికి చెప్పి ఒప్పించాలి. ఒప్పుకుంటే ఇంట్లో రోగముందని ఊరికి చాటినట్టే; మిగతా పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి. రోగులైన తల్లిదండ్రులకు పుట్టిన పసివాళ్ల విషయంలో మిషన్లు మరో దారి పట్టాయి. రోగం వంశపారంపర్యం కాదని, సోకేదని తేలాక, పుట్టిన బిడ్డలను తల్లుల నుంచి వేరుచేసి ‘సోకని పిల్లల’ గృహాల్లో పెంచడం దేశమంతటా మిషన్ టు లెపర్స్ ఆశ్రమాల్లో నడిచిన పద్ధతి. ఆ పద్ధతి చాలామంది పిల్లలను రోగం నుంచి కాపాడింది. తల్లి ఒడి నుంచి కూడా దూరం చేసింది. చుట్టాలు ముట్టని ఆ పిల్లలకు బడి, చేతిపని, పేరు, చివరికి పెళ్లి సంబంధం కూడా మిషనే చూడవలసి వచ్చేది. ఒక్క రోజు వచ్చి పాట నేర్పి పోయే అతిథికీ, ఇరవై ఏళ్లు తల్లిదండ్రుల స్థానంలో ఉండవలసిన సంస్థకూ ఉన్న తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఇసబెల్ కెర్ 1932లో చనిపోయింది. జార్జ్ కెర్ ఆ తరవాతా పని సాగించాడు. డెర్మట్ మోనహన్ రాసిన డిచ్‌పల్లి రోగుల పుస్తకం 1938లో ఇంగ్లండ్‌లో వచ్చింది; మెథడిస్టు ఇళ్లలో దాన్ని చదువుకున్నారు. వైద్య శాస్త్రానికి డిచ్‌పల్లి ఇచ్చిన మనిషి మాత్రం జాన్ లోవ్. 1920ల్లో ఇక్కడ డాక్టరుగా చేరి, కుష్ఠు రోగాన్ని రోజూ చూస్తూ నేర్చుకుని, తరవాత కలకత్తాలో పరిశోధకుడయ్యాడు. 1940ల చివర్లో నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లాడు. అప్పటికి అమెరికాలోని కార్‌విల్‌లో 1941 నుంచి సల్ఫోన్ మందులు కుష్ఠును లొంగదీస్తున్నాయి. అవి ఖరీదు, మొదట్లో సూదితో ఇచ్చేవాళ్లు. వాటి మూలపదార్థమైన డాప్సోన్‌ను చౌకగా, చిన్న మోతాదులో, నోటి మాత్రగా ఇచ్చినా పనిచేస్తుందని చూపించినవాళ్లలో లోవ్ ముఖ్యుడు. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ అదే మందును సూదిగా పరీక్షించాడు. పైసల ఖర్చుతో అయ్యే ఆ మాత్ర నూనె సూదుల యుగాన్ని కొద్ది ఏళ్లలో ముగించింది. డిచ్‌పల్లిలో నూనె సూదులు పొడిచిన చేయే ఆ సూదిని అనవసరం చేసిందన్నమాట.

ఈ లోపు దవాఖాన పైనున్న సంఘం, ప్రభుత్వం రెండూ మారాయి. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టు మిషన్ అందులో కలిసింది. దవాఖాన మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1955లో కేంద్రం జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. వార్ధాలో 1951లో ఏర్పడ్డ గాంధీ స్మారక కుష్ఠు సంస్థ కొత్త పద్ధతి ఒకటి నిలబెట్టింది: ఇంటింటి సర్వే, ఆరోగ్య ప్రచారం, ఊళ్లోనే మందు. రోగి దవాఖానకు పోనక్కర్లేదు. మందే ఊరికి వస్తుంది. డాప్సోన్ మాత్ర ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

అట్లా తిరుగుడు మళ్లీ వచ్చింది. ఈసారి డేరా లేదు, ఎడ్లబండి లేదు. ప్రభుత్వ జీతం మీద పనిచేసే పారామెడికల్ కార్యకర్త సైకిలెక్కి బడికి పోయి పిల్లలను వెలుతురులో నిలబెట్టి వీపు, చేతులు చూసేవాడు. మచ్చ కనిపిస్తే దూదితో తాకి, కళ్లు మూసుకుని ఎక్కడ తాకానో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే పేరు రాసుకునేవాడు. మిషనరీ ఊరికి ఏడాదికోసారి వచ్చేవాడు, ఇతను నెలనెలా వచ్చేవాడు. తేడా అంతా అందులోనే ఉంది. ఆవాసాల అవసరం తగ్గుతూ వచ్చింది. డిచ్‌పల్లి వంటి దవాఖానలకు మాత్రలతో తీరని పని మిగిలింది: అరికాలి పుళ్లు, నరాల వాపు, ముడుచుకుపోయిన వేళ్లు. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర మొదలుపెట్టిన చేతి శస్త్రచికిత్సలు, మెత్తటి రబ్బరు చెప్పులు దేశంలోని కుష్ఠు దవాఖానలన్నిటికీ దారి చూపాయి.

విదేశీ మిషనరీల సంఖ్య కూడా తగ్గింది. 1950ల నుంచి ప్రభుత్వం వాళ్ల వీసాల విషయంలో బిగువు చూపింది. మధ్యప్రదేశ్‌లో నియోగి కమిటీ 1956 నివేదిక ఆ బిగువుకు వాదన సమకూర్చింది. పర్యాటక వీసా మీద వచ్చి మతబోధ చేయడం నేటికీ నిషేధం. ప్రపంచంలో ఇంకొన్ని చోట్ల మాత్రం ఇదే కాలంలో కొద్ది రోజుల మిషనరీ పర్యటనలు ఊపందుకున్నాయి. జెట్ విమానం వచ్చాక వారం, పది రోజుల సెలవుతో ఖండం దాటి పిల్లల మధ్య పనిచేసి తిరిగి వెళ్లడం సామాన్య భక్తులకూ అందుబాటులోకి వచ్చింది. దానికి పెద్ద వేదిక సోవియట్ యూనియన్ పతనం తరవాతి రష్యా. 1992 నుంచి 1997 దాకా అమెరికా సంస్థల కూటమి ‘కోమిషన్’ అక్కడి సర్కారు బడుల టీచర్లకు క్రైస్తవ నీతిబోధ శిక్షణ ఇచ్చింది. చర్చి బృందాలు అనాథాశ్రమాలకు బొమ్మలు, మిఠాయిలు, పాటలతో వెళ్లాయి. 1997 మత చట్టం, 2016లో మిషనరీ పని మీద వచ్చిన ఆంక్షలు ఆ తలుపులు మూశాయి. డిచ్‌పల్లి అనుభవంతో పోల్చిచూస్తే అట్లాంటి పర్యటనలో ఒక రోజు పిల్లల ముఖాల్లో నవ్వు తేగలదు. కాలికి పుండు పడిన పిల్లవాడికి, అనాథాశ్రమం విడిచి వెళ్లాల్సిన పద్దెనిమిదేళ్లవాడికి చేయగలిగింది తక్కువ.

నిజామాబాద్ జిల్లాలో పిల్లల మధ్య మిషన్ పని ఈనాడు స్థానికుల చేతుల్లో ఉంది. దాని ముఖ్య రూపం ఎండాకాలపు సెలవుల బైబిల్ పాఠశాల. జనం వాడుకలో వీబీఎస్. ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో, 1890ల్లో; న్యూయార్క్‌లో ఒకావిడ బీరు హాలు అద్దెకు తీసుకుని వీధి పిల్లలకు వేసవి బడి నడిపింది. నిజామాబాద్‌లో, బోధన్‌లో, ఆర్మూర్‌లో, పల్లె సంఘాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే పొద్దున్నే పిల్లలు చేరతారు. చేతులూపుతూ పాటలు, వయసు వారీగా కథలు, ఒక కంఠస్థ వాక్యం, కాగితం పని, మధ్యలో మజ్జిగో బిస్కెట్లో. ఆఖరి రోజు వీధుల్లో ఊరేగింపు, సాయంత్రం బహుమతులు. చెప్పేది దూరదేశపు దొరసాని కాదు, అదే సంఘంలో డిగ్రీ చదివే అమ్మాయి. ఇది కూడా కొద్ది రోజుల పనే. కాకపోతే చెప్పినవాళ్లు వెళ్లిపోరు, మర్నాడు కూడా అదే వీధిలో కనిపిస్తారు.

ఇక రోగం సంగతి. 1960ల్లో డాప్సోన్‌కు లొంగని క్రిములు తేలాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపిన బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 1983లో భారత కార్యక్రమం పేరులో నియంత్రణ పోయి నిర్మూలన వచ్చింది. ఏళ్ల వైద్యం ఆరు నెలలకు, ముదిరినవాళ్లకు ఏడాదికి దిగింది. మాత్రల అట్టలు ఉచితంగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరుకుతాయి. 2005 డిసెంబర్‌కు దేశంలో పదివేల మందికి ఒకరికన్నా తక్కువ రోగులున్న స్థితి చేరుకుందని ప్రకటించారు. బిచ్చమెత్తే రోగులను పట్టి ఉంచే 1898 చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు ఉందన్న కారణం మీద విడాకులిచ్చే నిబంధనను 2019లో వ్యక్తిగత చట్టాల నుంచి తీసేశారు.

2005 ప్రకటనతో రోగం పోలేదు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త రోగుల్లో సగానికి పైగా భారతదేశంలోనే ఉన్నారు. వాళ్లలో పిల్లలు ఎంతమందన్నది అధికారులు ప్రత్యేకంగా లెక్కిస్తారు, ఎందుకంటే పిల్లవాడికి మచ్చ వచ్చిందంటే ఆ ఇంట్లోనో వాడలోనో రోగం ఈ మధ్యనే సోకుతోందని అర్థం. 2016 నుంచి రోగులను వెతికే ప్రత్యేక కార్యక్రమాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతున్నారు. 2017 నుంచి ఏటా గాంధీ వర్ధంతి జనవరి 30న గ్రామసభల్లో స్పర్శ్ పేరుతో ప్రచారం నడుస్తోంది. మచ్చ అనుమానం వచ్చినవాళ్లను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. నరాల వాపు, పుళ్లు, శస్త్రచికిత్స వంటివి ఉంటే కుష్ఠు దవాఖానకు.